పసుపు పెట్టే చోటు

ఆ సీజను మొదలయ్యేనాటికి నా దగ్గరున్న సరుకు ఇంతే: ఫ్యాషన్ షోల్లో ముందు వరస కుర్చీ, ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు, అన్న మాట మీద నిలబడతాడన్న పేరు. నేను పనిచేసిన పత్రిక ఫ్యాషన్ పేజీని ఎత్తేసి చాలాకాలమైంది. ఆ తర్వాత నా అంతట నేనే బట్టల కొట్లవాళ్ళ కోసం ఒక బులెటిన్ నడుపుకుంటూ వచ్చాను. నన్ను అందరూ విలేకరి అంటారు. నా లెక్కలో నేను వ్యాపారినే. నాన్న కౌలాలంపూర్ దగ్గర క్లాంగ్‌లో గుడ్డ అమ్మాడు, నేను గుడ్డ గురించి మాట అమ్ముతున్నాను. కొట్టు మారింది, బేరం మారలేదు.

ఈత దుస్తుల షోలంటే బయటివాళ్ళు ఏవేవో ఊహించుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నవాడికి అందులో కనిపించేది కుట్టు, సాగుడు, లైనింగు. చిత్రమేమిటంటే, నీళ్ళలో దిగడానికి కుట్టిన ఆ బట్టల్ని ఎవరూ తడపరు. ఏసీ హాల్లో, దీపాల కింద, పొడి నేల మీద నడిపించి ఆర్డర్లు రాసేసుకుంటారు. పెళ్ళికొడుకుని నిద్రపోతుండగా చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు.

నాన్న కొట్లో గల్లా పక్కన ఒక చెంబు నీళ్ళు ఉండేవి. రంగు నిలుస్తుందా అని ఎవరైనా అడిగితే ఆయన ముంచకుండా జవాబు చెప్పేవాడు కాదు. గుడ్డ అంచు చెంబులో ముంచి, తెల్ల జేబురుమాలు మీద అద్ది చూపించేవాడు. అదే బుద్ధి నాకూ వచ్చింది. ప్రతి కంపెనీ దగ్గరా ఒక జత అడిగి తీసుకుని, హోటల్ బాత్రూములో బకెట్టు నిండా సబ్బునీళ్ళు కలిపి, ముంచి, నులిమి, పిండి, ఏది కనిపిస్తే అది రాసేవాణ్ణి. పెనాంగ్ నుంచి జొహోర్ దాకా కొట్లవాళ్ళు అది చదివాకే సరుకు తెప్పించుకునేవారు. వెనకాల నన్ను ‘బకెట్ అంకుల్’ అంటారని తెలుసు. ఎలాంటిదైనా పేరు పేరే.

ఆ ఏడు కౌలాలంపూర్‌లో మొదటి షోకి వెళ్ళేసరికి నా కుర్చీ రెండో వరసకి జరిగింది. ముందు వరసంతా ఫోన్లు పట్టుకున్న పిల్లలు. వాళ్ళు షోని చూడటం లేదు, తమ ఫోన్‌లో పడుతున్న షోని చూస్తున్నారు. వాళ్ళ భుజాల సందుల్లోంచి నాకు కనిపించినవి కాళ్ళే. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. రెండుసార్లు లేచాను. వెనకవాళ్ళు కసురుకుంటే మళ్ళీ కూర్చున్నాను.

ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి, “అంకుల్, మీ కాలర్‌కి కర్రీ అంటుకుంది” అంది.

కర్రీ కాదు. కొత్త చొక్కా. మా అమ్మ మారియమ్మ, ఇంట్లోకి ఏ కొత్త బట్ట వచ్చినా, పసుపు పెట్టనిదే ఒంటి మీద వేసుకోనివ్వదు. సుంగై సిపుట్ రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. తోట పోయినా ఆ అలవాటు పోలేదు. ఎన్ని వేల బట్టల గురించి రాసినా నా చొక్కా మాత్రం ఆవిడ వేలు తగిలాకే నాది. కనపడకుండా కాలర్ లోపల పెట్టమని బతిమాలి ఒప్పించుకున్నాను. ఆ రోజు కాస్త బయటికి వచ్చింది.

షో అయ్యాక నిర్వాహకుడు తర్షన్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. నాకు కొడుకుంటే వాడి వయసు; ఇక్కడి కుర్రాళ్ళందరిలాగే మాట చివర ‘లా’ తగిలిస్తాడు. “సీటు సంగతి మనసులో పెట్టుకోకండి అంకుల్. ముందు వరస వాళ్ళకే ఇవ్వాలి, ఏం చేస్తాం లా. మీకు అంతకన్నా పెద్దది చూశాను. మీ బకెట్‌ని స్టేజీ ఎక్కిద్దాం.”

పెద్ద గాజుతొట్టె, కింద నుంచి దీపాలు, నా చేతిలో మైకు. షో అవగానే ప్రతి కంపెనీ స్టాండు నుంచి ఒక జత చీటీ తీసి ఎంచడం, సీలు వేసిన సంచిలోంచి అందరి ముందూ తీసి ముంచడం. పోర్ట్ డిక్సన్‌లో జరిగే పెద్ద షోతో మొదలు.

నేను లెక్క వేసుకున్నాను. కుర్చీ పోతోంది, స్టేజీ వస్తోంది. వెంటనే ఒప్పేసుకున్నాను. పోర్ట్ డిక్సన్ షోలో పేరిచ్చిన కంపెనీలు ఎవరెవరో అప్పుడు అడగలేదు.

ఇంటికి వెళ్ళాక తెలిసింది. మా అమ్మాయి పునిత కూడా పేరిచ్చింది.

పునిత డిజైన్ చదివింది. చదువు అయ్యాక ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళకుండా మా క్లాంగ్ ఇంటి మేడ మీద గదిలో మిషన్లు పెట్టుకుని ఈత దుస్తులు కుట్టడం మొదలుపెట్టింది. అవి షోల్లో కనిపించే రకం కావు. పోర్ట్ డిక్సన్ బీచికి ఆదివారం ఎవరు వెళ్ళి చూసినా ఒకటే దృశ్యం: మనవాళ్ళ మగాళ్ళు, పిల్లలు నీళ్ళలో ఉంటారు. ఆడవాళ్ళు కొందరు పాత టీషర్టూ ప్యాంటూ వేసుకునే దిగి, ఒంటికి అతుక్కున్న బట్టల్ని లాక్కుంటూ నడుస్తుంటారు. మిగిలినవాళ్ళు ఒడ్డున చాప మీద కూర్చుని అందరి చెప్పులకీ కాపలా. నా భార్య అంబిగ పెళ్ళయిన దగ్గర్నుంచీ చెప్పుల కాపలాయే. పునిత కుట్టినవి వాళ్ళ కోసం. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ దాకా ప్యాంటు, తడిసినా ఒంటికి అంటకుండా మీద జాలువారే చిన్న కుచ్చు. తోటలో పనిచేసిన మా నాన్నమ్మ పేరే వాటికి పెట్టింది: పాపాయి.

అంబిగ ఆ సరదాకి ఒక సీజను గడువు ఇచ్చింది. “ఈ సీజన్ మట్టుకే. ఆర్డర్ వస్తే సరి. లేకపోతే మిషన్‌కి గుడ్డ కప్పేసి ఆఫీసుకి వెళ్ళాలి” అని. పునిత “సరి మా” అంది. వాళ్ళిద్దరి మధ్యా అది కాగితం మీద రాసుకున్నంత గట్టిది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఆ మాట ఎత్తాను. “నువ్వు ఈ షోకి రావద్దు. పెనాంగ్‌లో ఇంకొకటి ఉంది, అక్కడికి వెళ్ళు. అక్కడ తొట్టె ఉండదు.”

“ఎందుకు అప్పా?”

“నీది నిలిస్తే, కూతురు కదా అంటారు. నిలవకపోతే నీ పని అయిపోతుంది. రెండు వైపులా నష్టమే.”

“అందరివీ ముంచి నాది మాత్రం ముంచకపోతే? అప్పుడేమంటారు?” పులుసన్నం కలుపుతూనే అంది. “పెనాంగ్ షోకి చిన్న కొట్లవాళ్ళు వస్తారు. మేడమ్ యోంగ్ పోర్ట్ డిక్సన్‌కే వస్తుంది. నాకు ఆవిడ కావాలి.”

మేడమ్ యోంగ్ ఈ దేశంలో సగం పెద్ద కొట్లకి ఈత దుస్తులు ఎంచిపెట్టే మనిషి. నా బులెటిన్ మొదటి రోజు నుంచీ చదువుతున్న మనిషి కూడా.

“ఎన్నంగ,” అంది అంబిగ, ఏమండీ అన్నట్టు. ఆమెకి కోపం వస్తే తమిళం వస్తుంది. “ఒకటి ఇక్కడే ముంచి చూస్తే ఏమైపోతుంది? బకెట్ ఉంది, సబ్బు ఉంది. తప్పుంటే పిల్ల సరిచేసుకుంటుంది కదా?”

“మిగతావాళ్ళకి ఇంట్లో ముందే ముంచి చూపించే తండ్రి లేడు” అన్నాను.

పునిత నవ్వింది. “అమ్మా, వదిలెయ్. నేను కొలనులో వేసుకుని ఈది చూశాను. ఏమీ కాలేదు. అప్పా ముంచుకోనీ. మైకులో నా పేరు సరిగా పలికితే చాలు లా.”

అమ్మ అంతవరకూ చేప ముల్లు తీసుకుంటూ కూర్చుంది. అప్పుడు తలెత్తి, “ఏటర్రా, ఆ గుంట కుట్టిన బట్టల్ని నువ్వు తొట్లో ముంచుతావా? అందరి ముందూనా?” అంది.

“అందరివీ ముంచుతానమ్మా.”

“మీ అయ్యా ఇంతే. పెళ్ళిలో నాకెట్టిన సీర కూడా ముందు సెంబులో ముంచి సూసినాడు.”

షో దగ్గరపడేకొద్దీ నాకు కాలు నిలవలేదు. మేడ మీద మిషన్ చప్పుడు ఆగితే ఎందుకు ఆగిందా అనిపించేది. ఆగకపోతే ఇంకా ఎంత కుడుతుందా అనిపించేది. మెట్ల మీద సగం దాకా వెళ్ళి తిరిగి వచ్చేవాణ్ణి. ఒకసారి గది తలుపు తీసి ఉంది. స్టాండు మీద సూట్లు వరసగా వేలాడుతున్నాయి: పైన నెమలికంఠం రంగు, లోపల పాలమీగడలాంటి తెల్ల లైనింగు. చెయ్యి చాస్తే అందుతుంది. గోటితో కుట్టు లాగి చూస్తే నాకు సగం సంగతి తెలిసిపోతుంది. చెయ్యి జేబులో పెట్టుకుని దిగి వచ్చేశాను.

బయల్దేరిన పొద్దున అమ్మ గేటు దాకా వచ్చి పునిత బుగ్గ నిమిరింది. ఆవిడ వేలి కొసలు పచ్చగా ఉన్నాయి. శుక్రవారం, పూజ చేసుకుంది కాబోలు అనుకున్నాను.

పోర్ట్ డిక్సన్ హోటల్లో సముద్రం కనపడే హాలు. కర్టెన్లు వేసి సముద్రాన్ని కప్పేశారు, దీపాలు బాగా పడాలని. పాపాయి వంతు వచ్చేసరికి పాట మారింది. పొడుగు పిల్లల నడుమ పునిత ఇద్దరు మామూలు ఆడవాళ్ళని కూడా నడిపించింది, నలభై దాటినవాళ్ళని. ఒకావిడ మధ్యలో సిగ్గుపడి కుచ్చు సర్దుకుంది. హాలు ఒక్కసారి చప్పట్లు కొట్టింది. మేడమ్ యోంగ్ చప్పట్లు కొట్టలేదు, కళ్ళజోడు పెట్టుకుంది. నాకు ఆవిడ సంగతి తెలుసు. కొనాలనుకున్నదాన్నే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూస్తుంది.

తర్వాత తొట్టె. చొక్కా చేతులు పైకి మడిచి మైకు పట్టుకున్నాను. మొదటిది బంగారు పూసలు కుట్టిన బికినీ. నులిమేసరికి పూసలు తొట్టె అడుగున రాలాయి, జనం ఘొల్లుమన్నారు. తర్వాత మగాళ్ళ నిక్కరు, ఏమీ కాలేదు. మూడోది సాగిపోయింది. అలా ఒక్కొక్కటీ. నీళ్ళు మార్చారు.

తర్షన్ చీటీ తీసి, సంచి సీలు విప్పి, నెమలికంఠం రంగు సూటు నా చేతిలో పెట్టాడు. “నెక్స్ట్, పాపాయి! అంకుల్ సొంత కూతురు! అంకుల్ చెయ్యి వణుకుతుందా లేదా చూద్దాం!”

చెయ్యి వణకలేదు. లోపలి వైపు బయటికి తిప్పాను, అందరికీ చేసినట్టే. ఆ దీపాల వెలుగులో లైనింగు మీద మరకేదీ కనపడలేదు. సబ్బునీళ్ళలో ముంచి మెడ దగ్గర రుద్దాను.

తెల్ల లైనింగు మీద ఎరుపు పుట్టింది. ముందు చుక్క, తర్వాత అరచేయంత. మెడ దగ్గర, రెండు చేతుల చివర్లా, కింద అంచు దగ్గర, నాలుగు చోట్లా ఒకేసారి. కింద దీపాలు వెలుగుతున్నాయి కదా, గాయం తగిలిన మనిషిని నీళ్ళలో పెట్టినట్టుంది. ముందు వరస ఫోన్లన్నీ లేచాయి. “అయ్యో, కలర్ రన్నింగ్ లా!” అని ఎవరో అన్నారు.

ఆ ఎరుపు ఏమిటో నాకు చూడగానే తెలిసింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని తెలియని ఇల్లు మాలో లేదు. రంగుగుడ్డ పైన నెమలికంఠం అలాగే ఉంది, ఒక్క చుక్క వదల్లేదు. కానీ ఆ స్టేజీ మీద, మైకులో, ‘ఇది రంగు కాదు, మా అమ్మ’ అని నేనంటే అది తొట్టె మాట కాదు, తండ్రి మాట. వేరేవాడెవడైనా ఇలాంటి కథ చెబితే ఆగి వినేవాణ్ణా? వినేవాణ్ణి కాదు.

తెర పక్కన పునిత నిలబడి ఉంది. ఆమెకీ తెలిసిపోయింది. నా వైపు చూసింది. చూసి, చాలా చిన్నగా తల అడ్డంగా ఊపింది.

“రంగు వదిలింది” అన్నాను మైకులో. తర్వాతది అందుకున్నాను.

మేడమ్ యోంగ్ కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.

క్లాంగ్ తిరిగి వస్తుంటే కారు నేనే నడిపాను. పునిత పక్కన. వెనక సీట్లో సూట్లు స్టాండుతో సహా పడుకుని ఉన్నాయి. చాలా దూరం వచ్చాక నేనన్నాను: “రేపు బులెటిన్‌లో ఒక ముక్క రాస్తాను. పసుపని.”

“వద్దు.”

“నిజమేగా?”

“రాస్తే బాంటింగ్‌లో ఉన్న పెద్దమ్మ చదువుతుంది, అమ్మకి ఫోన్ చేస్తుంది, మామ్మకి తెలుస్తుంది. తెలిస్తే మామ్మ ఇంక ఏ బట్టకీ పసుపు పెట్టదు. మీ చొక్కాకి కూడా.” కిటికీ వైపు తిరిగింది. “నాకు అది వద్దు అప్పా. ఆఫీసుకి వెళ్తాలే.”

నేను ఎప్పుడూ బేరంలో అవతలివాడు దేనికి ఎంత దాకా వస్తాడో ముందే ఊహించగలను. ఆ పిల్ల దేనికోసం దేన్ని వదులుకుంటుందో ఆ రోజు దాకా ఊహించలేదు. తల తిప్పి చూస్తే మళ్ళీ రోడ్డు మీద కళ్ళు నిలవవని తిప్పలేదు.

బులెటిన్‌లో “పాపాయి: సబ్బునీళ్ళలో ఎరుపు వదిలింది” అన్నంత వరకే రాశాను. అంబిగతో కూడా అంతే చెప్పాం. అంబిగ మిషన్ మీద కప్పే పాత దుప్పటి ఉతికి ఆరేసింది.

అయితే ఇంట్లో నిజం దాచాలంటే చేతి అలవాట్లని కూడా దాచుకోవాలి. షో నుంచి వచ్చిన తడి సూట్లని వెనక పెరట్లో ఎర్ర బకెట్టులో పడేయడం నాకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. పునిత సూటుని కూడా అందులోనే పడేశాను. ఆ సంగతి మర్చిపోయి ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ వరండాలో పచార్లు చేస్తున్నాను.

“ఒరే తినగరా! ఇలాగొచ్చీ!”

అమ్మ పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సూటు, లోపల వైపు బయటికి తిప్పి. డెబ్బై ఏళ్ళుగా పసుపు బట్టలు ఉతికిన చేతులు. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

“ఈ ఎరుపు నాదే గదరా?”

నేను ఫోను కట్టేశాను.

“బయల్దేరీ పొద్దున ఆ గుంట హేంగర్లు కొనడానికి ఎల్లినప్పుడు, అన్నిటికీ ఎట్టినాను. మంచి జరగాలని నాలుగు మూలలా ఎట్టినాను. ఏటయ్యింది అక్కడ?”

“రంగు వదిలిందన్నానమ్మా.”

“నువ్వా? పసుపని తెలీలేదా నీకు?”

“తెలిసింది.”

“తెలిసీ అన్నావా?”

“మైకు పట్టుకుని మా అమ్మ పసుపు అంటే ఎవరు నమ్ముతారమ్మా?”

అమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. “మీ అయ్య సెంబులో ముంచీవోడు గానీ, ముంచినాక కనపడినదేటో కూడా సెప్పీవోడురా. సగం సెప్పి ఊరుకునీవోడు కాదు.”

లేచి వంటింట్లోంచి చిన్న నిమ్మకాయలు తెచ్చి కోసి ఎరుపు మీద పిండింది. ఎరుపు మళ్ళీ పచ్చబడింది. మంచినీళ్ళలో జాడించి, తీసుకెళ్ళి వీధి గేటు గ్రిల్ మీద, ఎండ నేరుగా పడేచోట, లోపలి వైపు బయటికి పెట్టి ఆరేసింది. పక్కింటి మలాయ్ ఆవిడ తొంగిచూసి ఏమిటని అడిగితే, “నా తప్పు, ఎండలో ఎట్టినాను” అంది తెలుగులోనే. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది.

నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. గేటు దాకా వెళ్ళడం, చూడటం, రావడం. ఎండ ఎక్కేకొద్దీ పచ్చదనం పలచబడింది. మధ్యాహ్నం దాటేసరికి లైనింగు మళ్ళీ పాలమీగడ. ఎక్కడ పెట్టిందో వెతికినా దొరకలేదు.

“ఇప్పుడు రాయి” అంది అమ్మ. “నా పేరెట్టే రాయి.”

పునిత మెట్ల మీద నిలబడి వింటోంది. అమ్మ ఆమె వైపు తిరిగి, “నువ్వేటే, నాకు సెప్పకుండా దాస్తావా? నీ వోలు సిన్నపిల్లననుకున్నావా ఏడవడానికి?” అంది. పునిత అప్పటికే ఏడుస్తోంది.

రాశాను. పాపాయి సూటులో కనపడిన ఎరుపు పసుపుదని, పెట్టింది నా తల్లి మారియమ్మ అని, రంగు నిలిచిందని, ఇది నా కూతురి సరుకు కాబట్టి నా మాట నమ్మాలో వద్దో చదివేవాళ్ళే తేల్చుకోవాలని. పంపించేశాక లెక్క వేసుకున్నాను. ఇప్పటిదాకా ఎవరూ నా బులెటిన్‌లో నా తల్లినీ కూతురినీ చూడలేదు. ఇకమీదట ప్రతి వాక్యంలోనూ వెతుకుతారు.

మొదటి ఫోను తర్షన్‌ది. మర్యాదగానే మాట్లాడాడు. వచ్చే షో నుంచి తొట్టె దగ్గర ల్యాబ్ మనిషిని పెడతారట. “మీ మీద అనుమానం కాదు అంకుల్. ఫ్యామిలీ మ్యాటర్ కదా, స్పాన్సర్లు అడుగుతారు లా.”

రెండోది మేడమ్ యోంగ్‌ది. స్పీకర్‌లో పెట్టాను. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు.

“మిస్టర్ తినగరన్, మీ అమ్మ స్విమ్‌సూట్‌కి కూర మసాలా రాసిందా?”

“పసుపు మేడమ్. మా ఇళ్ళలో కొత్త బట్టకి పెడతారు.”

“అందరూనా?”

“పాతకాలం వాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ.”

“మీ అమ్మాయి ఈ సూట్లు కుట్టింది ఎవరికి?”

“మా ఆడవాళ్ళకే.”

“అయితే కొన్న ప్రతి ఇంట్లో ఒక ముసలావిడ ఉంటుంది. ఆవిడ మసాలా రాస్తుంది, కోడలు సబ్బు పెడుతుంది, సూటు ఎర్రబడి నా కౌంటర్‌కి తిరిగి వస్తుంది. అప్పుడు కస్టమర్‌కి నేను మీ బులెటిన్ చూపించనా?”

ముప్ఫై ఏళ్ళుగా కొట్లవాళ్ళకి బుద్ధి చెబుతున్నవాణ్ణి. ఆ మాట నాకు తట్టలేదు. గుడ్డ నిర్దోషి అని నిరూపించడంలో పడి, దాన్ని కొనే ఇంటిని మర్చిపోయాను. “మీరన్నది నిజం” అన్నాను. ఆవిడ, “ఐ నో” అని పెట్టేసింది.

అంబిగ నిట్టూర్చింది. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, “అయితే ఇంక ఎవలూ పసుపు ఎట్టకూడదని రాసెయ్యండి బట్ట మీద” అంది. గొంతు బింకంగానే ఉంది. కళ్ళు మాత్రం చేతుల వైపే ఉన్నాయి.

పునిత మేడ ఎక్కింది. కాసేపటికి మిషన్ చప్పుడు. నేను మెట్ల కింద నిలబడ్డాను. ఈసారి సగం దాకా కూడా వెళ్ళలేదు.

దిగి వచ్చి అమ్మ ఒళ్ళో సూటు పెట్టింది. లోపల, మెడ వెనక, లేబుల్ ఉండాల్సిన చోట, ముదురు మెరూన్ రంగు ముక్క కుట్టి ఉంది. వేలి కొసంత.

“ఇదేటే?”

“పసుపు పెట్టే చోటు మామ్మా. ఇక్కడే పెట్టాలి, ఇంకెక్కడా కాదు. సబ్బు తగిలి ఎర్రబడినా ఈ రంగులో కనపడదు. వెనక రబ్బరు గుడ్డ వేశాను, లైనింగ్‌కి దిగదు.”

అమ్మ ఆ ముక్కని కళ్ళకి దగ్గరగా పెట్టి చూసింది. “ఇంతేనా? ఒక్క ఏలేనా?”

“ఒక్క వేలే.”

“పిసినారి గుంట” అని, పసుపు గిన్నె తెచ్చి, తడి వేలు సరిగ్గా అక్కడ పెట్టింది. నేను ఎర్ర బకెట్టు అందుకున్నాను. పునిత నా చేతిలోంచి తీసేసుకుంది.

“మీరొద్దు అప్పా. అమ్మ ముంచుతుంది.”

అంబిగ చీర కుచ్చిళ్ళు దోపుకుని పెరట్లో కూర్చుంది. సూటుని నా కన్నా మొరటుగా నులిమింది. నేల మీద వేసి బాదింది కూడా. తిప్పి చూసింది, వెలుతురుకి పట్టి చూసింది. ఏమీ లేదు. తర్వాత ఎవరూ అడక్కుండానే సూటుని తన ఒంటికి ఆనించుకుని, భుజాల దగ్గర కొలత సరిపోతుందా అని చూసుకుంది. మేము చూస్తున్నామని గమనించి గబుక్కున బకెట్లో పడేసింది.

బాంటింగ్‌లో ఉండే వాళ్ళ అక్కకి ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. ఆ ఊరి గుడి ఆడవాళ్ళు ఏటా తిరునాళ్ళు అయ్యాక బస్సు మాట్లాడుకుని పోర్ట్ డిక్సన్ వస్తారు. అంబిగ నవ్వుతూ, పసుపు సంగతి మొదలు నుంచి చెప్పి, నన్ను మధ్యలో రెండుసార్లు మూర్ఖుణ్ణి చేసి, చివర్న కొలతలు అడిగింది. దుప్పటి మళ్ళీ అలమరాలోకి వెళ్ళింది. మడతపెట్టింది అంబిగే.

సీజను ఆఖర్న ఆ బస్సు వచ్చింది. మేమూ వెళ్ళాం.

ఇక లెక్క చెప్పాలి. తొట్టె పోయింది. పెనాంగ్ షోలో నా కుర్చీ మూడో వరసకి వెళ్ళింది. బులెటిన్ చదివేవాళ్ళలో కొందరు మానేశారు. మేడమ్ యోంగ్ మానలేదు. క్లాంగ్ కొట్టుకి ఒక స్టాండు పాపాయి పంపమంది, ‘చూద్దాం’ అంది. ఆవిడ నోట ‘చూద్దాం’ అన్న మాట వచ్చిందంటే కళ్ళజోడు పెట్టుకున్నట్టే. పునిత ఆఫీసు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

బీచిలో చాప పరిచి, పక్కన ఎర్ర బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. బాంటింగ్ ఆడవాళ్ళు బస్సులోంచి దిగుతూనే ఒకరి మెడ వెనక ఒకరు చూసుకుంటున్నారు, పసుపు పెట్టారా లేదా అని. పెట్టనివాళ్ళని అమ్మ ఆపింది; చిన్న డబ్బీలో కలుపుకునే తెచ్చింది. ఒక్కొక్కరినీ వంగమని, వేలు పెట్టి, వీపు మీద ఒకటి చరిచి పంపింది. ఆఖరికి అంబిగ; ఆమె ఒంటి మీదా పాపాయి సూటే. అంబిగ చెప్పులు విప్పి, ఎప్పటిలాగే చాప పక్కన పెట్టి, ఎప్పటిలాగే కూర్చోబోయింది. అమ్మ, “ఏటే, నీకు ఏరేగా సెప్పాలా?” అంది.

అంబిగ ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు నా ఒళ్ళో పెట్టి నడిచింది. మోకాళ్ళ దాకా వెళ్ళింది, నడుము దాకా వెళ్ళింది. పునిత చెయ్యి పట్టుకుంది. ఒక అల వచ్చి ఇద్దరినీ ముంచి లేపింది. అంబిగ పెద్దగా అరిచింది. ఆ అరుపు పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను వినలేదు.

నాకు అలవాటే కదా, కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను. నా చేతిలో ఆమె హ్యాండ్‌బ్యాగు, అమ్మ కళ్ళజోడు, పునిత ఫోను. కాళ్ళ దగ్గర బస్సెడు ఆడవాళ్ళ చెప్పులు, ఇసకలో కుప్పగా. ముప్ఫై ఏళ్ళు ఈత దుస్తుల గురించి రాసినవాడికి ఈత రాదని, కట్టుకోవడానికి ఒక నిక్కరైనా లేదని అప్పుడే గుర్తొచ్చింది.

“ఎన్నంగ!” నీళ్ళలోంచి కేక. “చెప్పులు జాగ్రత్త! అల వస్తోంది!”

నిజమే, వస్తోంది. వంగి, చేతికి అందినన్ని చెప్పుల్ని ఎర్ర బకెట్టులో వేసుకున్నాను.